పాత యుద్ధవిమానానికి అసలైన బోల్టు

మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొన్న 110వ స్క్వాడ్రను అనే బ్రిటిష్ విమానదళానికి హైదరాబాదు పేరు ఉన్నది. 1918లో ఆ దళం ఫ్రాన్సుకు తీసుకొనిపోయిన డి.హెచ్.9ఎ బాంబరు విమానాలు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ విరాళంతో సమకూరినవి. ఆ సంగతి తెలిపే వ్రాత ఒక్కొక్క విమానంపై ఉండేది. వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరు 5న జర్మనుల చేత చిక్కినది. వారు దానిని బెర్లిను మ్యూజియంలో ఉంచారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బెర్లినుపై బాంబులు పడుతున్నప్పుడు అక్కడి విమానాలు కొన్నింటిని తూర్పుకు తరలించగా, ఇది పోలండులో మిగిలిపోయి, తుదకు క్రాకో నగరం చేరినది. 1977లో లండనులోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని బదులిచ్చి దీనిని తెచ్చుకొన్నది. మరమ్మతులు ముగిసి 1983లో ఇది ప్రదర్శనకు వచ్చినది.

ఇటువంటి విమానాన్ని తిరిగి నిలబెట్టడమంటే దుమ్ము తుడిచి రంగు వేయడం కాదు. రెక్కను మొండెంతోను, మొండెమును ఇంజనుతోను కలిపి ఉంచేవి చిన్న చిన్న బోల్టులు, నట్టులు, రివెట్టులు. ఏండ్లు గడిచేసరికి వీటిలో కొన్ని తుప్పు పడతాయి, కొన్ని పోతాయి. వాటి స్థానంలో అంగడిలో దొరికిన బోల్టు బిగిస్తే, ఎగిరే విమానమైతే ప్రాణహాని. ప్రదర్శనలో ఉంచే విమానమైతే చరిత్రకు హాని. కనుక పాత సామాను వెదికేవారు ప్రతి బోల్టు విషయంలోను రెండు ప్రశ్నలకు సమాధానం రాబట్టవలెను. ఇది నిజముగా ఆ విమానానికి చెందిన రకమేనా? దీని బలం ఇంకా నిలిచి ఉన్నదా? మొదటిదానికి సమాధానం దొరికినంత మాత్రాన రెండవదానికి దొరికినట్లు కాదు.

ఒకే విమానం, రెండు దేశాల మరలు

నిజాం ఇచ్చిన విమానాల శరీరం ఇంగ్లండులో తయారైనది. ఇంజను మాత్రం అమెరికావారి ‘లిబర్టీ’. దానిలో 12 సిలిండర్లు. దాని శక్తి సుమారు 400 అశ్వశక్తి. ఈ రెండు దేశాల మరలు ఒకదానికొకటి సరిపడవు. బోల్టుపై తిరిగే మరచుట్టును నిలువునా కోసి చూస్తే రంపపు పళ్ల వలె కనబడుతుంది. రెండు పళ్ల నడుమ ఉండే కోణం బ్రిటిష్ విట్‌వర్త్ పద్ధతిలో 55 డిగ్రీలు, అమెరికా పద్ధతిలో 60 డిగ్రీలు.

చుట్ల సంఖ్య కూడా వేరు. అర అంగుళం మందం గల బోల్టుకు సన్న మరల రకంలో అంగుళానికి బ్రిటిష్ లెక్కన 16 చుట్లు, అమెరికా లెక్కన 20 చుట్లు. ముతక మరలలో బ్రిటిష్ రకానికి 12, అమెరికా రకానికి 13. ఈ చివరి రెండే ఎక్కువ మోసం చేస్తాయి. 12 చుట్ల బోల్టుపై 13 చుట్ల నట్టు పెట్టి త్రిప్పితే మొదటి చుట్టు సులభంగా ఎక్కుతుంది. తరువాత పట్టేస్తుంది. బలవంతంగా బిగిస్తే పళ్లు అరిగి, బరువంతా ఒకటి రెండు చుట్లపైనే పడుతుంది. చూపుకు గట్టిగానే ఉంటుంది. ఇంజను అదరడం మొదలైన పిదప ఊడివస్తుంది.

తలపై గుర్తులు

తరువాతి కాలంలో అమెరికా సైనిక, నౌకాదళాలు ఉమ్మడిగా ‘ఎ.ఎన్.’ ప్రమాణాలను ఏర్పరచుకొన్నవి. ఎ.ఎన్.3 అంటే ఒక అంగుళంలో పదహారవ వంతులు మూడు, అనగా 3/16 అంగుళం మందం గల బోల్టు. తలపై అడ్డగీతలు ఒకదానినొకటి ఖండించే గుర్తు ఉంటే మిశ్రలోహపు ఉక్కు, ఒకే గీత ఉంటే తుప్పు పట్టని ఉక్కు, విడివిడిగా రెండు గీతలు ఉంటే అల్యూమినియం మిశ్రలోహం. ఉక్కు రకం చదరపు అంగుళానికి 1,25,000 పౌనుల లాగుడుకు తట్టుకొనవలెను. అంగడిలోని మామూలు మెత్తని ఉక్కు బోల్టు దాదాపు సగమే తట్టుకొంటుంది. కొలతలో రెండూ ఒకటే కావచ్చు. కనుక కొలిచి చూసి నమ్మరాదు.

రివెట్టులకూ ఇట్టి గుర్తులే ఉన్నవి. నడుమ చిన్న గుంట ఒక మిశ్రలోహాన్ని, చిన్న బొడిపె మరొకదానిని తెలుపుతాయి.

గీటురాయి, తరువాతి పరీక్షలు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో నగ వన్నె తెలుసుకొనడానికి గీటురాయి చాలా కాలంగా వాడుకలో ఉన్నది. రాతిపై గీసిన గీతను తెలిసిన వన్నె గల బంగారపు గీతతో పోల్చి, ఆమ్లం చుక్క వేసి చూస్తారు. బోల్టు విషయంలోను ఇదే న్యాయం. తలపై గుర్తును నకిలీగా కొట్టవచ్చు. కనుక కాఠిన్యాన్ని కొలిచే యంత్రంతో దానిపై సన్నని గాటు చేసి, ఆ గాటు లోతును లేక వెడల్పును తెలిసిన ఉక్కుతో పోలుస్తారు.

ఇంతవరకు తేలేది జాతి మాత్రమే. నగ వన్నె తెలిసినా లోపల అతుకు విడినదో లేదో గీటురాయి చెప్పదు కదా! లోహానికి అలసట ఉన్నది. లక్షలసార్లు అదిరిన బోల్టులో కంటికి కనబడని బీట పుడుతుంది. దానిని పట్టుకొనడానికి ఉక్కు బోల్టును అయస్కాంతీకరించి, సన్నని ఇనుప రజను కలిపిన ద్రవం పోస్తారు. బీట ఉన్న చోట అయస్కాంత క్షేత్రం బయటికి పొంగుతుంది. రజను అక్కడ గీత వలె పేరుకొంటుంది.

పాత బోల్టుకు మెరుగు పెట్టడంలోను ప్రమాదం ఉన్నది. విద్యుత్తుతో కాడ్మియం పూత వేసేటప్పుడు వెలువడే ఉదజని పరమాణువులు గట్టి ఉక్కులోనికి చొరబడి దానిని పెళుసు చేస్తాయి. అందుచేత పూత వేసిన వెంటనే సుమారు 190 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కొన్ని గంటలు కాచి ఆ వాయువును వెళ్లగొట్టవలెను. ఈ పని మరచిన బోల్టు బిగించిన కొన్నాళ్లకు హఠాత్తుగా తెగవచ్చును.

ఎగరవలసినది, నిలువవలసినది

డి.హెచ్.9ఎ కి ముందు రూపమైన డి.హెచ్.9 శిథిలాలు బికనీరు కోటలో ఒకనాటి ఏనుగుశాలలో బయటపడినవి. చెక్కను చెదలు తినివేసినవి. లోహపు భాగాలు మిగిలినవి. వాటి ఆధారంతో ఇంగ్లండులో పునర్నిర్మించిన ఒక విమానం 2019లో తిరిగి ఎగిరినది. ఎగిరే విమానానికి పాత భాగం మాతృకగా ఉపయోగపడితే చాలు. బరువు మోసేది పరీక్షలో నిలిచినదై ఉండవలెను. మ్యూజియంలో నిలిచే విమానానికైతే అరిగిన బోల్టు సైతం సాక్ష్యమే. దానిని తీసివేస్తే ఆ సాక్ష్యం పోతుంది.

అసలైనవే అయినా వాడరానివీ కొన్ని ఉన్నవి. ఒకప్పుడు పులివెందుల ప్రాంతపు గనులలో తీసిన రాతినార వంటిదే పాత ఇంజనులలో వేడి తగిలే చోట్ల పెట్టేవారు. దాని ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సరు తెస్తుంది. చీకటిలో కనబడడానికి పాత డయళ్లకు పూసిన రేడియం సగానికి తగ్గడానికి దాదాపు 1600 ఏండ్లు పడుతుంది. డయలు వెలగడం మానినా ప్రమాదం మానదు. ఇట్టివాటి స్థానంలో కొత్తవి పెట్టి, ఏది పాతదో ఏది కొత్తదో పుస్తకంలో వ్రాసి ఉంచడమే నిజాయితీ.

ఈ విద్యలో మొదటి పాఠాన్ని పాఠశాలలోనే నేర్వవచ్చును. పాత ఇనుప సామాను అంగడి నుండి నాలుగైదు బోల్టులు తెచ్చి, పక్కన స్కేలు ఆనించి, అంగుళానికి ఎన్ని చుట్లో విద్యార్థుల చేత లెక్కించవలెను. తరువాత సెంటీమీటరుకు ఎన్నో లెక్కించవలెను. అంగుళాలలో సరిగా వచ్చే బోల్టులు ఏవి, మిల్లీమీటర్లలో సరిగా వచ్చేవి ఏవి అని విడదీస్తే, చూపుకు ఒకే విధంగా ఉన్న బోల్టులు వేరువేరు జాతులవని వారికే తెలియవచ్చును.