బండి మిస్ కొడితే ముందు ఏం చూడాలి?

మన కొండ ఊళ్ళలో బైకు అంటే షికారు బండి కాదు. జ్వరమొచ్చినవాళ్ళని, పురిటికి వెళ్ళేవాళ్ళని తారురోడ్డు దాకా చేర్చేది అదే. అది ఘాట్ మధ్యలో ఆగితే ఏం చేస్తాం? కావున పాత బైకులో నిప్పురవ్వ ఎలా పుడుతుందో, జబ్బు ఎలా కనిపెట్టాలో రాస్తున్నాను. మా అన్న బండి బాగుచేస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

ఇంజను నడవాలంటే మూడు కావాలి. పెట్రోలు, గాలి సరిగా కలవాలి. పిస్టన్ దాన్ని గట్టిగా నొక్కాలి. సరైన క్షణంలో రవ్వ పడాలి. పూర్వం రవ్వ కోసం పాయింట్లు ఉండేవి, అవి అరిగిపోయేవి. తర్వాతి బళ్ళలో సి.డి.ఐ. అనే చిన్న డబ్బా వచ్చింది. మాగ్నెట్ తిరిగితే కాయిల్‌లో కరెంటు పుడుతుంది. డబ్బాలోని కెపాసిటర్ దాన్ని కుండలో నీళ్ళు పట్టినట్టు దాచుకుంటుంది. పల్సర్ కాయిల్ సైగ చేయగానే ఒక్కసారిగా వదిలేస్తుంది. హెచ్.టి. కాయిల్ దాన్ని 10,000 వోల్టులకు పైగా పెంచి ప్లగ్‌కి పంపుతుంది.

పికప్ లేదు, మిస్ కొడుతోంది అనగానే చాలామంది "సి.డి.ఐ. పోయింది, మార్చు" అంటారు. మా అన్నకీ ఒక మెకానిక్ అలాగే చెప్పాడు. కొత్తది కొనాలంటే అమ్మ దాచిన పసుపు సంతలో అమ్మాలి. అందుకే ఖర్చు లేనివి ముందు చూడాలి.

1. ప్లగ్: ఇంజను చల్లారాక విప్పాలి. మూతి లేత గోధుమ రంగులో ఉంటే మంచిది. నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా రవ్వకి బలం లేదు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలక ఇంజను వేడెక్కుతోంది. నూనె తడి ఉంటే ఆయిలు పైకి వస్తోంది.

2. క్యాప్, వైరు: వానలోనే మిస్ కొడితే అనుమానం వీటి మీదే. క్యాప్ పగిలితే తడి దారిన కరెంటు ఇంజను బాడీకి పారిపోతుంది. చీకట్లో చిన్న మెరుపులు కనబడతాయి.

3. ఎర్త్ వైరు, సాకెట్లు: తుప్పు పట్టినా వదులైనా రవ్వ తప్పిపోతుంది. అన్న బండి జబ్బు ఇదే! గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే నయమైపోయింది.

4. కాయిళ్ళు: చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్ళీ స్టార్టయితే పల్సర్ కాయిల్ గానీ హెచ్.టి. కాయిల్ గానీ అనుమానించాలి. మీటరుతో కొలిచి బండి పుస్తకంలోని అంకెతో పోల్చాలి.

5. సి.డి.ఐ.: ఇది ఆఖర్న. అదే రకం బండిది మంచి డబ్బా అడిగి పెట్టి చూడాలి. తేడా కనిపిస్తేనే కొనాలి.

రవ్వ బాగానే ఉంటే ఎయిర్ ఫిల్టర్, కార్బ్యురేటర్ చూడాలి.

జాగ్రత్త! రవ్వ చూసేటప్పుడు ప్లగ్ బాడీ ఇంజనుకి ఆనాలి. చేత్తో పట్టుకుంటే షాకు కొడుతుంది. దగ్గర్లో పెట్రోలు ఉండకూడదు. ప్లగ్ లేకుండా వైరు గాల్లో వదిలి కిక్ కొడితే మంచి సి.డి.ఐ. కూడా పాడవ్వొచ్చు.

ఆడపిల్లలకి స్పానరు ఎందుకు అంటారు కొందరు. నొప్పులు పడుతున్న అక్క వెనక కూర్చున్నప్పుడు బండి ఆగితే, కారణం తెలిసినవాళ్ళే అక్కడ మెకానిక్. సెలవుల నుంచి వచ్చేటప్పుడు పాత ప్లగ్‌లు తెస్తాను. వార్డెన్ మేడమ్ గారు అనుమతిస్తే అందరం రంగులు పోల్చి చూద్దాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని