గుండెదడ అవిశ్వాసం కాదు

దావీదుకూ గుండెదడ వచ్చింది. గుండె అదురుతోందని, సత్తువ సన్నగిల్లిందని, చూపు మసకబారిందని 38వ కీర్తన 10వ వచనంలో దేవునికి దాచకుండా మొరపెట్టుకున్నాడు. తర్వాతి వచనం మరీ బాధాకరం. స్నేహితులు, బంధువులు దూరంగా నిలబడ్డారట! మనం దూరంగా నిలబడం. దగ్గరికొచ్చి మరీ ‘నీకు విశ్వాసం తక్కువ’ అంటాం.

విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దవారి గుండె సాధారణంగా నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. ఆ సంగతి మనకు తెలియనే తెలియదు. దడదడమని తెలిసిందంటే కారణం ఆందోళన కావచ్చు. నిద్రలేమి, కాఫీ, జ్వరం, రక్తహీనత, థైరాయిడ్ కూడా కావచ్చు. చాలాసార్లు ప్రమాదమేమీ ఉండదు. కానీ గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అయితే గుండెలో రక్తం గడ్డకట్టి, అది మెదడుకు చేరి పక్షవాతం తేగలదు. అందుకే అటువంటివారిలో చాలామందికి రక్తం గడ్డకట్టకుండా మాత్రలిస్తారు. స్వస్థత కూటం నుంచి వచ్చి వాటిని మానేయడం విశ్వాసం కాదు, దేవుణ్ణి శోధించడం. మంచినీళ్లయినా ముట్టని ఉపవాసమూ దడ తెస్తుంది.

పౌలు తిమోతి కడుపు జబ్బుకు కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు (1 తిమోతి 5:23). ఆయన వెంట ఉన్న లూకా వైద్యుడే.

దడ ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, రాసిపెట్టుకుని డాక్టరుకు చూపండి. దడ తగ్గాక తీసిన ఈసీజీలో ఏమీ కనబడకపోవచ్చు. 24 గంటల హోల్టర్ పరీక్ష అవసరపడవచ్చు. ఛాతీనొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే మాత్రం పాస్టరు కన్నా ముందు 108కి ఫోన్ చేయండి. పాస్టరు ఆసుపత్రికే వచ్చి ప్రార్థన చేస్తాడు.