ముందు చక్రం స్ప్రింగు: జాకీ ఎత్తితే సరిపోదు

ప్రీమియర్ పద్మిని కారు తెలియని పెద్దవాళ్ళుండరు. ఇటలీ ఫియట్ 1100 నమూనాతో బొంబాయి కుర్లాలో తయారైన బండి. తయారీ ఆగి చాలా ఏళ్ళయింది. బొంబాయి టాక్సీగా కూడా 2023లో సెలవు తీసుకుంది. అయినా సబ్బవరం, అనకాపల్లి వైపు ఇలాంటి పాత కారుని షెడ్డులో పెట్టుకుని, ఆదివారం పూట తామే విప్పి చూసుకోవాలని ముచ్చటపడేవారుంటారు. పడవలసిందే! కాని ముందు చక్రాల దగ్గరున్న చుట్ట స్ప్రింగు జోలికి వెళ్ళేముందు కాస్త భౌతికశాస్త్రం గుర్తు చేసుకోవాలి.

అంబాసిడరుకి ముందువైపు చుట్ట స్ప్రింగు లేదు, మెలితిరిగే కడ్డీ ఉంది. దాన్ని టార్షన్ బార్ అంటారు. తమాషా ఏమిటంటే చుట్ట స్ప్రింగు కూడా చుట్టలు చుట్టిన టార్షన్ బారే. పైనుంచి నొక్కితే దాని తీగ ముఖ్యంగా మెలిపడుతుంది. కనుక రెండింటిలోనూ దాగిన ప్రమాదం ఒకటే.

ఎంత నొక్కితే అంత బలంగా ఎదురు తోస్తుందని రాబర్ట్ హుక్ 1678లో చెప్పాడు. మనం ఇంటర్‌లో మార్కుల కోసం చదివేశాం. ఒక లెక్క వేద్దాం. 4000 న్యూటన్ల బలానికి 10 సెంటీమీటర్లు అణిగిన స్ప్రింగు ఉందనుకోండి. అందులో నిలవున్న శక్తి 200 జౌల్స్. 20 కిలోల మూట మీటరు ఎత్తునుంచి పడినంత. ఆ శక్తంతా రెండు కిలోల స్ప్రింగుకే దక్కితే అది గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది. ఎదురుగా మన మొహం ఉంటుంది.

జాకీతో ఎత్తాక చక్రం వేలాడుతుంది కదా, బరువు పోయింది, ఇక భయమేమిటి అంటారు. అసలు మోసం అక్కడే ఉంది. చక్రం కిందికి దిగడానికో హద్దుంది. అక్కడ ఆగిపోయిన స్ప్రింగు ఇంకా పూర్తిగా సాగలేదు, చట్రానికీ కింది ఆర్మ్‌కీ మధ్య నొక్కుకునే ఉంది. దాన్ని పట్టి ఉంచింది ఒక జాయింట్, కొన్ని బోల్టులు. అవి ఊడదీస్తే, వంచి పట్టుకున్న వెదురుగడ చెయ్యి జారినట్టే.

అందుకని గట్టి సమతల నేల మీద బండి పెట్టి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాలి. చట్రం కింద ఇనప స్టాండ్లు ఉండాలి. ఇటుకలు పనికిరావు, పగిలిపోతాయి. చక్రం తీశాక స్ప్రింగు కంప్రెసర్ కొక్కేలను ఎదురెదురుగా తగిలించి, రెండు మరలనూ కొద్దికొద్దిగా, మార్చి మార్చి బిగించాలి. ఒకవైపే బిగిస్తే స్ప్రింగు విల్లులా వంగి కొక్కెం జారుతుంది. కింది ఆర్మ్ కింద ట్రాలీ జాకీ ఆనించి, స్ప్రింగులోంచి గొలుసు దూర్చి చట్రానికి కట్టండి. అది పట్టు తప్పితే దూరం పోనివ్వదు. ఆ తర్వాతే ఆ జాయింట్ విప్పి, జాకీని అంగుళం అంగుళంగా దించాలి. మనిషి పక్కన ఉండాలి, ఎదురుగా కాదు. ఏ బోల్టు ముందో ఆ బండి మాన్యువల్ చూసుకోవడం మంచిది.

మా ఇళ్ళల్లో పని తొందరగా తెమలాలంటారు. ఈ పనికి ఆ అలవాటు చెల్లదు. బయటికొచ్చిన స్ప్రింగుని కంప్రెసర్ బిగింపులోనే మూలన పడేసి టీకి వెళ్ళకూడదు. రెండు మరలూ కొంచెం కొంచెంగా వదిలి, పూర్తిగా సాగాకే దాన్ని వదిలిపెట్టాలి.