బ్యాంకు కొలువుకు వీడ్కోలు ఎందుకు?
జీతం ఒక్కటే కారణం కాదు

ముంబయి: బ్యాంకులో ఉద్యోగం దొరికితే పదవీ విరమణ వరకు నిశ్చింత అన్నది ఒకనాటి మాట. ఇప్పుడా మాట ప్రైవేటు బ్యాంకుల్లో చెల్లడం లేదు. కొన్ని ప్రైవేటు బ్యాంకుల్లోను, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకుల్లోను ఉద్యోగుల వలస మూడేళ్లలో బాగా పెరిగి సగటున సుమారు 25 శాతానికి చేరిందని భారతీయ రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో వెలువరించిన నివేదికలో పేర్కొంది. అంటే ఏటా నలుగురిలో ఒకరు సంస్థను వీడుతున్నట్లు లెక్క. 2023-24లో ప్రైవేటు బ్యాంకుల సిబ్బంది సంఖ్య ప్రభుత్వ రంగ బ్యాంకుల సిబ్బందిని మించిపోవడం గమనార్హం.

రాజీనామా నిర్ణయం ఒక్క రోజులో జరిగేది కాదు. డిపాజిట్లు, బీమా పాలసీలు, క్రెడిట్ కార్డుల విక్రయానికి విధించే నెలవారీ లక్ష్యాలు, రాత్రి పొద్దుపోయే వరకు పని, పైఅధికారుల మందలింపులు, పదోన్నతిపై అస్పష్టత... ఇవన్నీ కలిసి ఉద్యోగి మనసును క్రమంగా విరిచేస్తాయి. ఖాతాదారుకు అవసరం లేని పాలసీని అంటగట్టవలసి రావడం మనస్సాక్షి గల ఉద్యోగికి మరింత భారం. జీతం పెంచినంత మాత్రాన ఈ బాధ తీరదు.

ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ఉద్యోగ భద్రత ఉన్నా, అధికారులు దేశంలో ఎక్కడికైనా బదిలీకి సిద్ధపడాలి. భార్యాభర్తలు చెరొక ఊళ్లో ఉండవలసి రావడం, పిల్లల చదువులు దెబ్బతినడం వారి ప్రధాన సమస్యలు. పాతతరం వారిని బ్యాంకు పింఛను కట్టి ఉంచేది. 2010 ఏప్రిల్ 1 నుంచి చేరిన వారికి నూతన పింఛను పథకం వర్తిస్తోంది. ఆ ఖాతా ఉద్యోగం మారినా వెంటే ఉంటుంది. దీంతో పాత బంధం కొంత సడలింది. 2024 మార్చిలో కుదిరిన ఒప్పందం మేరకు వేతనాలు 17 శాతం పెరిగినా, సంఘాలు వారానికి ఐదు రోజుల పని కోసం ఆ తర్వాతా పట్టుబట్టడానికి కారణం విశ్రాంతి కొరతే.

ఉద్యోగుల వలస వల్ల ఖాతాదారుల సేవలకు అంతరాయం కలుగుతుందని, సంస్థాగత పరిజ్ఞానం చేజారుతుందని, నియామకాల ఖర్చు పెరుగుతుందని రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. చిన్న వ్యాపారి లావాదేవీలు ఎరిగిన అధికారి వెళ్లిపోతే, రుణం కోసం అతడు కొత్తవారికి కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి.

ఇది కేవలం సిబ్బంది విభాగం పని కాదని, యాజమాన్యాలు వ్యూహాత్మక ప్రాధాన్యం ఇవ్వాలని నివేదిక స్పష్టం చేసింది. శిక్షణ, ఎదిగే అవకాశాలు, అనుభవజ్ఞుల మార్గదర్శనం, ఆదరణ గల పని వాతావరణం అవసరమని సూచించింది. వీటితో పాటు నెలవారీ లక్ష్యాలను కూడా సమీక్షించనిదే వలస ఆగడం కష్టమే.