సొంత వ్యాపారంతో పేదరికం పోతుందా? అపోహలు – వాస్తవాలు

బెంగళూరు తూర్పున, కుందలహళ్లి నుంచి ఐటీపీఎల్‌కు వెళ్లే దారిలో ఉంది బ్రూక్‌ఫీల్డ్. 1990ల చివర్లో ఇంటర్నేషనల్ టెక్ పార్కు (ఐటీపీఎల్) తెరుచుకున్నాక ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ నగరంలో కలిసిపోయాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వెంట వాళ్లకు గది చూపేవాళ్లు, అన్నం వండిపెట్టేవాళ్లు, బట్టలు ఇస్త్రీ చేసేవాళ్లు వచ్చారు. ఇక్కడ పీజీ హాస్టళ్లు, ఆంధ్రా మెస్సులు, కర్రీ పాయింట్లు, టిఫిన్ బండ్లు నడిపేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. వానను నమ్ముకుని సేద్యం చేసి విసిగిపోయిన కుటుంబాలకు ఈ వ్యాపారాలు ఆధారమయ్యాయి. పేదరికానికీ నిరుద్యోగానికీ సొంత వ్యాపారమే విరుగుడు అన్న మాట రుణమేళాల్లోనూ సభల్లోనూ తరచు వినిపిస్తుంది. అందులో నిజం ఉంది. కానీ ఆ నిజం చుట్టూ అల్లుకున్న అపోహలకు మూల్యం చెల్లించింది ఎక్కువగా పేదలే.

అపోహ: సొంత వ్యాపారం ఉన్నవారు ఎవరి మీదా ఆధారపడనక్కర్లేదు

చిన్న వ్యాపారం బతికేది కొనేవారి జీతం మీద. బ్రూక్‌ఫీల్డ్‌లో అది 2020లో అందరికీ తెలిసివచ్చింది. ఆ ఏడాది మార్చిలో ఐటీ కంపెనీలు ఇంటి నుంచే పని చేయమనడంతో ఉద్యోగులు సొంతూళ్లకు వెళ్లిపోయారు. పీజీలు ఖాళీ అయ్యాయి, వాటిని నమ్ముకున్న మెస్సులూ కర్రీ పాయింట్లూ మూతపడ్డాయి. పీజీ నడిపేవారిలో ఎక్కువమందికి భవనం సొంతం కాదు. స్థలం గలవారి దగ్గర లక్షల్లో అడ్వాన్సు కట్టి, కొన్నేళ్లకు లీజుకు తీసుకుంటారు. గదులు నిండినా నిండకపోయినా అద్దె కట్టాల్సిందే. వంటవాడి నైపుణ్యంలో గానీ యజమాని కష్టంలో గానీ ఏ లోపమూ లేకుండానే పెట్టుబడి కరిగిపోయింది. ఉద్యోగులు తిరిగి వచ్చాక ఆ వీధుల్లో వ్యాపారం కూడా తిరిగి వచ్చింది.

దీన్నిబట్టి తేలే సంగతి సూటిగా ఉంది. జీతాలు, పంట రాబడి, కూలి డబ్బు తిరిగే చోట స్వయం ఉపాధి నిలబడుతుంది. కొనేవారి చేతిలో డబ్బు లేని ఊళ్లో పది కిరాణా కొట్లు తెరిపిస్తే ఉన్న బేరమే పదిచోట్లకు పంచుకుపోతుంది. అందుకే రోడ్డు, కరెంటు, పరిశ్రమ, గిట్టుబాటు ధర అన్నవి చిన్న వ్యాపారానికి పునాదులు. రుణ పథకం ఎంత మంచిదైనా వాటి లోటు తీర్చలేదు.

అపోహ: చిన్న అప్పు దొరికితే చాలు, పేదలు గట్టెక్కుతారు

బంగ్లాదేశ్‌లో పేదలకు చిన్న అప్పులిచ్చిన గ్రామీణ బ్యాంకునూ దాని వ్యవస్థాపకుడు ముహమ్మద్ యూనస్‌నూ 2006లో నోబెల్ శాంతి బహుమతి వరించినప్పుడు ఈ నమ్మకం శిఖరానికి చేరింది. అది ఎంతవరకు నిజమో తేల్చిన అధ్యయనాల్లో ముఖ్యమైనది హైదరాబాద్ బస్తీల్లోనే జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు 104 పేద బస్తీలను ఎంచుకున్నారు. వాటిలో లాటరీ పద్ధతిన తీసిన 52 బస్తీల్లో స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ ముందుగా శాఖలు తెరిచి, మహిళా బృందాలకు అప్పులిచ్చింది. ఏడాదిన్నర లోపే రెండు రకాల బస్తీల్లోని కుటుంబాలనూ పోల్చిచూశారు. అప్పులు అందిన చోట వ్యాపారాల్లో పెట్టుబడి పెరిగింది. ఇంటికి కావలసిన మన్నికైన వస్తువులు కొన్నారు. కానీ సగటు కుటుంబం నెల ఖర్చులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పిల్లల చదువులోనూ, ఇంట్లో ఆడవారి మాట చెల్లుబాటులోనూ తేడా కనిపించలేదు.

ఇక్కడితో ఆగిపోతే కథ సగమే అవుతుంది. కొన్నేళ్ల తర్వాత అవే బస్తీలను మళ్లీ పరిశీలించినప్పుడు, అప్పు రాకముందే వ్యాపారం ఉన్న కుటుంబాలు నిజంగానే ముందుకు సాగినట్టు తేలింది. అప్పు దొరుకుతోంది కాబట్టి వ్యాపారం మొదలుపెట్టినవారికి ఆ లాభం కనబడలేదు. పని తెలిసి, బేరం ఉండి, పెట్టుబడి చాలక ఆగిపోయిన వ్యాపారికి అప్పు అక్కరకొస్తుంది. ఇవేవీ లేనివారికి మిగిలేది వాయిదా మాత్రమే.

ఈ తేడాను పట్టించుకోకపోతే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూసింది. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు చేశారు. ఒకరు కట్టకపోతే బృందమంతా పూచీ పడే పద్ధతిలో ఇరుగుపొరుగే వసూలుదారులయ్యారు. వేధింపులు భరించలేక ఆత్మహత్యలు జరిగాయన్న వార్తలు వెల్లువెత్తాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి సూక్ష్మరుణ సంస్థల వసూళ్లకు కళ్లెం వేసింది. మరుసటి ఏడాది మాలేగాం కమిటీ సిఫార్సులతో రిజర్వు బ్యాంకు ఈ రంగానికి ప్రత్యేక నిబంధనలు పెట్టింది.

డ్వాక్రా మహిళా పొదుపు సంఘాల దారి వేరు. 1980లలో మొదలై, 1990లలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రాష్ట్రమంతా అల్లుకున్న ఈ సంఘాల్లో ముందు పొదుపు, ఆ తర్వాతే అప్పు. తమ డబ్బే పెట్టెలో ఉంది కనుక ఎవరికి ఎంత ఇవ్వాలో సభ్యులే తూచి చూసుకునేవారు. 2004 తర్వాత వచ్చిన పావలా వడ్డీ పథకం ఈ సంఘాలకు వడ్డీ భారం తగ్గించింది. అయినా వీటి అప్పుల్లో చాలా భాగం ఆసుపత్రికి, పెళ్లికి, చదువుకు వెళ్లింది. కుటుంబానికి అది తప్పనిసరి అవసరమే, తక్కువ వడ్డీకి తీరడం మేలే. దాన్ని వ్యాపారం లెక్కలో రాసుకోవడమే పొరపాటు.

అపోహ: స్వయం ఉపాధి పెరిగితే నిరుద్యోగం తగ్గినట్టే

2007లో అచ్చయిన ఒక వ్యాసంలో బెనర్జీ, డుఫ్లో గుంటూరులోని పెద్ద మురికివాడను వర్ణించారు. ఉదయం తొమ్మిది గంటలకు, ప్రధాన వీధిలో దాదాపు ప్రతి ఆరో ఇంటి ముందూ ఒక మహిళ కిరసనాయిలు పొయ్యి మీద పెనం పెట్టి దోసెలు వేస్తోంది. గంట తర్వాత అదే వీధిలో దోసెల పని అయిపోయి, ఆ మహిళలే మరేదో చిన్న పని చేసుకుంటున్నారు. వీరంతా స్వయం ఉపాధి పొందుతున్నవారే. కాని అన్ని పెనాలూ ఒకే దోసె వేస్తున్నాయి, ఏ ఒక్కరికీ రోజంతా సరిపడా బేరం లేదు. వాళ్ల శ్రమ తక్కువేమీ కాదు. ఆ శ్రమకు తగ్గ పెట్టుబడీ, చోటూ, బేరమూ వారికి అందలేదు.

దేశ గణాంకాల్లోనూ ఇదే ఛాయ కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ శ్రామికశక్తి సర్వే ప్రకారం పనిచేసేవారిలో స్వయం ఉపాధి పొందేవారు 2017–18లో 52.2 శాతం, 2023–24లో 58.4 శాతం. అదే కాలంలో, ఇంటి వ్యాపారంలోనో పొలంలోనో జీతం లేకుండా సాయపడేవారి వాటా 13.6 నుంచి 19.4 శాతానికి పెరిగింది. దుకాణంలో కూర్చున్న కోడలు, పొలంలో కలుపు తీసే కూతురు సర్వేలో ఉపాధి ఉన్నవారి కింద లెక్క. వారి చేతికి వచ్చే డబ్బు మాత్రం ఏమీ ఉండదు. సంపన్న దేశాల్లో ఎక్కువమంది జీతానికి పనిచేస్తారు, సొంతంగా బతుకు వెళ్లదీసుకునేవారి వాటా తక్కువ.

అపోహ: కూలి కన్నా సొంత వ్యాపారం ఎప్పుడూ మేలు

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో అతిపేదల కోసం ఒక పద్ధతి రూపొందించింది. పశువులో, చిన్న సరుకో ఉచితంగా ఇచ్చి, కొన్నాళ్లు తిండి ఖర్చు భరించి, శిక్షణ ఇచ్చి వెన్నంటి ఉంటారు. ఆరు దేశాల్లో పరీక్షించి 2015లో వెలువరించిన ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. పేదరికం మీద ఇంతగా ప్రభావం నిలిచిన పథకాలు అరుదు. అయితే అదే పద్ధతిని మెదక్ జిల్లాలో ఎస్‌కేఎస్ అనే సంస్థ అమలు చేసినప్పుడు నికరంగా లాభం తేలలేదు. అప్పుడు అక్కడ వ్యవసాయ కూలి రేట్లు పెరుగుతున్నాయి. గేదెను మేపడానికి ఇంటి దగ్గర ఆగినవారికి పాల డబ్బు వచ్చింది, కూలి డబ్బు పోయింది. పథకంలో చేరనివారు కూలితోనే అంత సంపాదించారు. ఉన్న ఊళ్లో కూలి ఎంత పలుకుతోందో చూడకుండా ఎవరినీ వ్యాపారంలోకి దించకూడదని మెదక్ అనుభవం చెబుతోంది.

అపోహ: వ్యాపార బుద్ధి పుట్టుకతో రావాలి

ఈ అపోహకు జవాబు కాకినాడలో దొరికింది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్, హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థతో కలిసి 1964లో కాకినాడ వ్యాపారులకు స్వల్పకాల శిక్షణ ఇచ్చారు. లక్ష్యం పెట్టుకోవడం, తగినంత సాహసం చేయడం, ఫలితాన్ని తామే కొలుచుకోవడం వంటివి నేర్పారు. శిక్షణ పొందనివారితో పోలిస్తే వీరు తర్వాతి సంవత్సరాల్లో ఎక్కువ కొత్త వ్యాపారాలు పెట్టారు, ఎక్కువమందికి పని కల్పించారు. సంప్రదాయాన్ని పాటించేవారు వ్యాపారంలో వెనకబడతారన్న అనుమానం కూడా నిలబడలేదు. ఆ శిక్షణ సంస్థే ఇప్పటి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ (నిమ్స్‌మే). 2017లో టోగో దేశపు చిన్న వ్యాపారుల మీద వెలువడిన అధ్యయనంలోనూ, చొరవ నేర్పిన శిక్షణతో లాభాలు దాదాపు 30 శాతం పెరిగాయి. మామూలు పద్దుల శిక్షణతో అంత మార్పు రాలేదు.

తరగతి గదికి బయట కూడా ఈ చదువు సాగుతుంది. పీజీ లీజుకు తీసుకునేవారు అంతకుముందు బంధువుల పీజీలో మేనేజరుగానో, మెస్సులో వంటవాడిగానో పనిచేసి ఉంటే వారికి గది అద్దె, గ్యాసు, బియ్యం లెక్కలు కంఠతా వచ్చి ఉంటాయి. ఆ చుట్టరికం లేనివారికి ఆ చదువు దొరకడం కష్టం. శిక్షణ కేంద్రాలు తీర్చవలసింది ఆ లోటునే. ధర్మస్థల ట్రస్టు, సిండికేట్, కెనరా బ్యాంకులు కలిసి 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలుపెట్టిన రుడ్‌సెట్ సంస్థ ఈ పనికి నమూనాగా నిలిచింది.

అపోహ: ఇవాళ్టి బండి రేపటి పెద్ద హోటల్, ఉద్యోగాలన్నీ స్టార్టప్‌లే ఇస్తాయి

2021లో మొదలై దేశమంతా పేరు తెచ్చుకున్న రామేశ్వరం కేఫ్‌కు బ్రూక్‌ఫీల్డ్‌లోనూ శాఖ ఉంది. అక్కడి క్యూ చూసిన ప్రతివారికీ టిఫిన్ వ్యాపారం బంగారు గనిలా కనిపిస్తుంది. కానీ దాని వెనక చార్టర్డ్ అకౌంటెంటు చదువూ, ఆహార వ్యాపారంలో ముందునుంచీ ఉన్న అనుభవమూ ఉన్నాయి. ఎక్కువ వ్యాపారాలు అలా పెరగవు. 2015–16 జాతీయ నమూనా సర్వే లెక్కన దేశంలోని 6.34 కోట్ల చిన్న సంస్థల్లో పనిచేసేవారు 11.10 కోట్లు, అంటే సంస్థకు ఇద్దరు కూడా లేరు. అమెరికాలో నలభై ఏళ్ల కర్మాగారం కొత్తదానికన్నా ఏడు రెట్లకు పైగా పెద్దదైతే, భారతదేశంలో అది పెద్దగా పెరగనే పెరగదని 2014లో వచ్చిన పరిశోధన చూపింది. గుర్తింపు పొందిన స్టార్టప్‌లు 2024 అక్టోబరు చివరినాటికి కల్పించిన ఉద్యోగాలు 16 లక్షల పైచిలుకు. అవి మంచి ఉద్యోగాలే కావచ్చు, కానీ చిన్న సంస్థల 11 కోట్ల పక్కన పెడితే ఎంత చిన్నవో తెలుస్తుంది. పేదరికం తగ్గించే వ్యాపారాలు ఈ రెంటికీ మధ్యన ఉంటాయి: ఒక మనిషితో మొదలై పదిమందికి నెలజీతం ఇచ్చే స్థాయికి చేరేవి. వాటికి ప్రోత్సాహమూ తక్కువే, గుర్తింపూ తక్కువే.

అపోహ: బండి పెట్టుకోవడం ఆక్రమణే

వీధి వ్యాపారుల చట్టం 2014 మే 1 నుంచి అమల్లో ఉంది. నగరపాలక సంస్థ సర్వే జరిపి, ధ్రువపత్రాలు ఇవ్వాలి. సర్వే పూర్తయ్యేదాకా అప్పటికే ఉన్నవారిని తొలగించకూడదు. ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. పట్టుకుపోయిన సరుకు పాడయ్యేదైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు ఎన్నికైన వీధి వ్యాపారులే ఉండాలి. ఈ హక్కులు తెలియకపోవడం వల్ల నష్టపోతున్నవారు ఎందరో.

ధ్రువపత్రం విలువ అప్పు దగ్గర తెలుస్తుంది. చేతికి 9,000 ఇచ్చి, రోజుకు 100 చొప్పున వంద రోజులు వసూలు చేసే డైలీ ఫైనాన్సు చూడటానికి చవకగానే ఉంటుంది. అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కనుక ఏడాది లెక్కన ఆ వడ్డీ దాదాపు 80 శాతం. 2020 జూన్‌లో వచ్చిన పీఎం స్వనిధి పథకం ధ్రువపత్రం ఉన్న వ్యాపారులకు మొదటి విడత 10,000 రూపాయలు పూచీకత్తు లేకుండా బ్యాంకు వడ్డీకి ఇచ్చి, సకాలంలో కట్టినవారికి 7 శాతం వడ్డీ రాయితీ కల్పించింది.

అపోహ: యూపీఐ తీసుకుంటే పన్ను పడుతుంది

2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ, యూపీఐ ద్వారా వచ్చిన మొత్తాల ఆధారంగా చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. బెంగళూరులో చాలా దుకాణాలు క్యూఆర్ కోడ్ తీసేసి నగదే అడిగాయి. పన్ను పడేది చెల్లింపు పద్ధతి మీద కాదు, అమ్మకాల మీద. ఏడాది అమ్మకాలు సరుకులకైతే 40 లక్షలు, సేవలకైతే 20 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి. టిఫిన్ సెంటరు సేవ కిందికి వస్తుంది కాబట్టి దానికి వర్తించేది 20 లక్షల హద్దు, అంటే రోజుకు సుమారు 5,500 రూపాయల అమ్మకం. రద్దీ కూడలిలో అది పెద్ద మొత్తమేమీ కాదు. విడి పాలు, కూరగాయల వంటి వాటికి పన్నే లేదు, ఆ అమ్మకాలు వేరుగా రాసుకున్నవారు నోటీసుకు జవాబివ్వగలరు. వ్యాపారుల నిరసన తర్వాత ముఖ్యమంత్రి, అందరూ నమోదు కావాలని కోరుతూ, పాత బకాయిలు వసూలు చేయబోమని ప్రకటించారు. కోటిన్నర లోపు అమ్మకాలున్న చిన్న హోటళ్లు కాంపొజిషన్ పద్ధతిలో అమ్మకాల మీద 5 శాతం కట్టి, ప్రతి బిల్లుకూ లెక్క చూపే పని తప్పించుకోవచ్చు.