పనిముట్లకును పోపుల పెట్టె

వంటింట పోపుల పెట్టె లేని తెలుగు గృహ మరుదు. ఆవాలు, జీలకఱ్ఱ, మెంతులు, మినపపప్పు, ఎండుమిరపకాయలు ఒక్కొక్కటి తన గిన్నెలో తానుండును. నూనె కాగిన తరువాత వెదకుటకు వ్యవధి యుండదు; చేయి చూడకయే జీలకఱ్ఱ గిన్నెపైకి పోవలెను. ఈ రహస్యమును మన తల్లులు, అవ్వలు ఏనాడో కనుగొనిరి. కాని యదే యింట అటకమీదనో మంచము క్రిందనో పడియున్న పనిముట్ల పెట్టెను తెఱచి చూడుడు. సుత్తి, తుప్పుపట్టిన మేకులు, తెగిన తీగ, ఏ తాళమునకు సంబంధించినదో తెలియని తాళపుచెవి, వీని యడుగున దొర్లుచున్న సాకెట్లు కానవచ్చును. వంటింటి నేర్పు ఆ పెట్టె దాక ఏల పోలేదు? అది మగవారి సొత్తని మనము దూరముగా నుంచుటచేతనే యని మేము తలంచెదము.

ఆ దూరము నేటి కాలమునకు తగదు. మన సోదరీమణులు స్కూటరును, కారును నడపుచున్నారు. భర్త పరదేశమున నుద్యోగము చేయుచుండగా ఇల్లంతయు తామే చూచుకొను గృహిణులు ప్రతి పట్టణమునను గలరు. ఉద్యోగమునకై పరాయి యూర నొంటిగా నుండు యువతులును పెక్కురు. మేమెరిగిన యొక యింట నీటి మోటారు బిగింపు సడలి, పెద్ద చప్పుడుతో కదలసాగినది. నాలుగు నట్లను బిగించిన సరిపోవును. ఆ నట్లకు తగిన 13వ సంఖ్య సాకెట్టు ఇంటనే యున్నది. కాని యెంత వెదకినను దొరకలేదు. ఆ యిల్లాలు విసిగి పటకారుతో త్రిప్పగా నట్టు మూలలు అరిగి నున్ననయ్యెను. మఱునాడు వచ్చిన పనివాడు దానిని కోసి తీయవలసి వచ్చెను. పావుగంట పని రెండు దినముల నీటికఱవుగా మాఱినది. లోపించినది పనిముట్టు గాదు, దాని కొక చోటు.

సాకెట్టు పుట్టుక, దానితో వచ్చిన చిక్కు

సాకెట్టు అనగా నట్టుపై టోపీవలె కూర్చుండు ఉక్కు గిన్నె. దాని యొక కొనయందు నట్టును పట్టుకొను గుంట, రెండవ కొనయందు చదరపు రంధ్రము నుండును. ఆ చదరపు రంధ్రమున రాచెట్టు పిడి మొన దూరును. తొలినాళ్ల పానాలలో పిడియు తలయు నొకటే. ఒక్కొక్క నట్టుకు ఒక్కొక్క పానా కావలెను. 1920వ సంవత్సరమున అమెరికాలోని మిల్వాకీ నగరమున జోసెఫ్ జాన్సన్, విలియం సైడ్‌మన్ అనువారు ఐదు పిడులను, వానికి మార్చి మార్చి తగిలింపదగిన పది సాకెట్లను కలిపి అమ్మసాగిరి. వీనితో ఏబది పానాల పని జరుగునని వారు చాటిరి. స్నాప్-ఆన్ అను ప్రసిద్ధ సంస్థకు అదియే మొదలు.

లాభము గొప్పదే. కాని దానితో నొక చిక్కును వచ్చినది. పిడితో కూడిన పానా పెద్దది, సులభముగా పోదు. సాకెట్టు రేగుపండంతది, చేతినుండి జాఱి దొర్లిపోవును. పది తలలలో ఒకటి పోయిన, ఆ కొలతకు పిడి యుండియు లేనట్లే. అందుచేత సాకెట్ల సంచయమును కొన్న దినముననే వాని యమరికను గూడ ఆలోచింపవలెను.

మొదట నేఱవలెను, పిమ్మట కొలువవలెను

అంగడికి పోవుటకు ముందు ఇంటగల సాకెట్ల నన్నిటిని పాత వార్తాపత్రికపై కుమ్మరింపుడు. చదరపు రంధ్రము కొలతను బట్టి మొదట వేఱుచేయవలెను. పావు అంగుళము, 3/8 అంగుళము, అర అంగుళము అని మూడు తెగలు సాధారణముగా నుండును. మొదటిది చిన్న మరలకును, రెండవది స్కూటరు, గృహోపకరణముల పనికిని, మూడవది కారు చక్రపు నట్ల వంటి గట్టి బిగింపులకును తగును. నట్టు కొలతలను మిల్లీమీటర్లలో చెప్పినను, చదరపు రంధ్రమును అంగుళములలో చెప్పుట లోకాచారము.

పిమ్మట మిల్లీమీటరు సాకెట్లను, అంగుళపు సాకెట్లను వేఱుచేయుడు. ఇది ముఖ్యము. 1956వ సంవత్సరపు చట్టముచే మన దేశమున మెట్రిక్ కొలతలు వచ్చినవి. అంతకు పూర్వపు యంత్రములు ఇంట నున్నచో వానికి అంగుళపు నట్లుండవచ్చును. 3/4 అంగుళమనగా 19.05 మిల్లీమీటర్లు, కావున 19వ సంఖ్యతో పని జరుగును. 5/16 అంగుళమునకును 8వ సంఖ్యకును భేదము వెండ్రుకవాసి. కాని అర అంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు; దానిపై 13వ సంఖ్య సాకెట్టు వదులై, బలముగా త్రిప్పినప్పుడు నట్టు మూలలను చెఱచును. 14వ సంఖ్య నట్టుపై 9/16 అంగుళపు సాకెట్టు, అనగా 14.29 మిల్లీమీటర్లది, అట్లే వదులగును. ఈ రెండు జాతులను ఒక్క గిన్నెలో కలుపుట పంచదారను ఉప్పును కలుపుట వంటిది.

మూడవది, పొట్టి సాకెట్లను పొడవు సాకెట్లను విడదీయుట. పొడవు సాకెట్లు ఒక్కొక్కటి మూడంగుళముల దాక నుండును. వానిని నిలువుగా నమర్చినచో పలుచని సొరుగు మూయబడదు. కావున సొరుగు లోపలి లోతును, పొడవును, వెడల్పును కొలిచి కాగితముపై వ్రాసికొని మఱి అంగడికి పోవలెను. కుండను చూడక మూత కొన్నవారికి కలుగు చింత మన కేల?

అమరిక సాధనములు, వాని గుణదోషములు

మొదటిది సాకెట్లతో పాటు వచ్చు గట్టి ప్లాస్టిక్ పెట్టె. ప్రతి సాకెట్టునకు దాని యాకారపు గుంట యుండును గనుక లేనిది వెంటనే తెలియును. కారులో నుంచుకొనుటకు అనుకూలము. అయితే అది చోటు నెక్కువ నాక్రమించును, క్రొత్తగా కొన్నదానికి అందు స్థలముండదు. తలక్రిందుగా తెఱచినచో అన్నియు నేలపాలగును. కొనునప్పుడు మూత బందులను రెండు మూడుమాఱులు తెఱచి మూసి చూడవలెను. మొదట చెడునవి యవియే.

రెండవది క్లిప్పుల పట్టా. లోహపు పట్టామీద జరుపుటకు వీలైన క్లిప్పు లుండును. వానికి సాకెట్లు తగిలియుండును. పట్టాను ఎత్తి పని యున్నచోటికి కొనిపోవచ్చును, గోడకు మేకు కొట్టి తగిలింపవచ్చును. క్లిప్పులను చేర్చుటయు తీయుటయు మన చేతిలోని పని. లోపమేమన, చౌకబారు క్లిప్పులు కొన్నిట బిగుసుకొని గోళ్లు విఱుగునట్లుండును, కొన్నిట వదులై సాకెట్టును జాఱవిడుచును. అంగడిలోనే ఒంటిచేతితో పెట్టి తీసి చూచి కొనుడు.

మూడవది మొలకల పళ్లెము. పళ్లెముపై చిన్న స్తంభములు వరుసగా నుండి, సాకెట్టు చదరపు రంధ్రము ఒక్కొక్క స్తంభముపై దిగును. పోపుల పెట్టెకు మిక్కిలి దగ్గఱి చుట్టమిది. సొరుగులో కదలక యుండు పెట్టెకు దీనిని మించినది లేదు. దారిలో మోయు పెట్టెకు మాత్రము తగదు. కుదుపునకు సాకెట్లు లేచిపోవును.

నాల్గవది అయస్కాంతపు పళ్లెము. సాకెట్ల ఉక్కును అది గట్టిగా పట్టుకొనును, ఇనుప బీరువా ప్రక్కను అంటించినను నిలుచును. అయితే ఇనుపరజను సైతము దానినే యాశ్రయించును గనుక తఱచు తుడువవలెను. పసిపిల్లలున్న యింట ఊడివచ్చు చిన్న అయస్కాంతములుగల దానిని ఎంతమాత్రము కొనరాదు. రెండు ముక్కలను మ్రింగిన బిడ్డ ప్రేగులలో అవి యొకదాని నొకటి ఆకర్షించి ప్రాణాపాయము తెచ్చును. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్న పెద్దలును వీనిని ఱొమ్మున కానించి మోయరాదు, జానెడు దూరమున కావలనే యుంచవలెను.

ఐదవది నురుగుపలక. పైన నలుపు, లోపల ఎఱుపు లేక పసుపు రంగుగల దళసరి పలకను, పనిముట్టు ఆకారమునకు కోసి సొరుగులో పఱతురు. ఒక్కటి లేకున్నను ఆ గుంట రంగు కంటికి కొట్టవచ్చినట్లు కనబడును. విమానముల మరమ్మతు శాలలలో ఇట్టి పద్ధతి విశేషముగా వాడుకలో నున్నది. అచట మఱచిన సాకెట్టొకటి యంత్రములో నుండిపోయిన ఎందఱి ప్రాణములకో ముప్పు. ఇంట దీనిని వాడదలచినవారు నూనె పీల్చని పాలిథిలీన్ పలకను కొనవలెను. పరుపులలో వాడు మెత్తని స్పంజి నూనెను తేమను పీల్చి కొన్నేండ్లకు పొడియగును.

ఇంట కుట్టుకొనదగిన చుట్ట

కాసుకు వెనుదీయు గృహిణికిని, స్కూటరు డిక్కీలో కొద్దిపాటి పనిముట్లుంచు యువతికిని గుడ్డచుట్టను మించినది లేదు. దళసరి కాన్వాసు గాని, చినిగిన జీన్సు పంట్లాము కాలు గాని చాలును. ఇంటి పనికి 8, 10, 12, 13, 14, 17, 19 అను ఏడు కొలతలు చాలవఱకు సరిపోవును.

రెండు జానల పొడవు, జానెడున్నర వెడల్పుగల గుడ్డను తీసి అంచులు మడచి కుట్టుడు. క్రింది భాగమును పైకి మడచి అఱలు చేయవలెను. అఱ వెడల్పునకు సులభమైన లెక్క యొకటి కలదు. సాకెట్టు చుట్టును దారము త్రిప్పి, ఆ కొలతలో సగము తీసికొని, దానికి అర సెంటీమీటరు కలుపుడు. సాకెట్టు చుట్టుకొలత 8 సెంటీమీటర్లైన అఱ నాలుగున్నర సెంటీమీటర్లుండవలె నన్నమాట. చిన్నదానినుండి పెద్దదానికి వరుసగా కుట్టి, చివర రాచెట్టు పిడికి పొడవైన అఱ విడువవలెను. అఱల నోళ్లను కప్పునట్లు పైభాగమును మడచి, చుట్టి, నాడాతో కట్టుడు. ప్రతి అఱమీదను ఎఱ్ఱదారముతో అంకెను కుట్టుట మఱువరాదు. రుమాలుపై పువ్వు కుట్టు చేతికి 13 అను అంకె కుట్టుట యొక లెక్కయా?

ఒక్క జాగ్రత్త: గుడ్డ తేమను పట్టును. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఉక్కు త్వరగా తుప్పుపట్టును. వానకాలమున నెలకొకసారి సాకెట్లను తుడిచి, యంత్రపు నూనె పలుచగా రాచి, చుట్టను ఎండలో నాఱవేయవలెను. మందుసీసాలలోను క్రొత్త చెప్పుల పెట్టెలలోను వచ్చు తేమ పీల్చు పొట్లములను పిల్లల కందకుండ ఇందు దాచిన మంచిది.

ఏది యెవరికి?

పెట్టె సొరుగులో స్థిరముగా నుండిన మొలకల పళ్లెము, పెట్టె మోయునదైన క్లిప్పుల పట్టా, కారునకు మూతగల పెట్టె, స్కూటరునకు గుడ్డచుట్ట. పదిమంది చేతులు పడు పనిశాల నడపు సోదరీమణులకు నురుగుపలక మేలు. సాయంకాలము లెక్క చూచుట ఒక్క చూపుతో తీఱును. ఏది కొన్నను రెండు మూడు ఖాళీ స్థానములను విడువవలెను. సంసారమువలె పనిముట్లును పెరుగును. మిల్లీమీటరు వరుస కొక రంగు, అంగుళపు వరుస కొక రంగు పూసినచో పొరపాటునకు తావుండదు. అన్నిటికంటె తఱచుగా పోవునది 10వ సంఖ్య సాకెట్టు. కార్లలోను స్కూటర్లలోను దాని పనియే మెండు గనుక దాని నొకటి అదనముగా నుంచుకొనుడు.

ఎంత మంచి సాధనమును కొన్నను ఒక నియమము లేనిదే ఫలింపదు: పని ముగిసినపిమ్మట అఱలన్నియు నిండినవని చూడక పెట్టె మూయరాదు. ఈ నియమమును భర్తకును, బిడ్డలకును సమానముగా నేర్పవలెను. కొడుకునకు మాత్రమే రాచెట్టును, కూతునకు మాత్రమే గరిటెను ఇచ్చు ఆచారమును ఇకనైన విడుతము. 1919లో మదరాసున నొక తెలుగు కుటుంబమున జన్మించిన అయ్యలసోమయాజుల లలిత పదునెనిమిదేండ్ల ప్రాయముననే భర్తను గోల్పోయి, చంటిబిడ్డతో నిలిచినది. ఆమె గిండీ కళాశాలలో విద్యుత్తు ఇంజనీరింగు చదివి, జమాల్పూరు రైల్వే పనిశాలలో ఒక యేడు పని నేర్చి, మన దేశపు తొలి మహిళా ఇంజనీరులలో నొకతె యయ్యెను. కళాశాల పట్టాపై పురుషవాచకమే అచ్చయి యుండగా దానిని కొట్టివేసి స్త్రీవాచకమును వ్రాయవలసి వచ్చినదట.

మనలో అందఱును ఇంజనీర్లు కానక్కఱలేదు. కాని మన యింటి నట్టును మనమే బిగించుకొనుటకు తగిన సాకెట్టు ఎచట నున్నదో మనకు తెలిసియుండవలెను. ఈ యాదివారము ఆ పెట్టెను అటకనుండి దింపి, పాతపత్రిక పఱచి, సాకెట్లను కుమ్మరింపుడు. కూతును ప్రక్కన కూర్చుండబెట్టుకొని అంకెలను చదివింపుడు. తక్కిన పని మీ చేతులకు ఇదివఱకే తెలిసినది.