ఇంజను దమ్ము ఎటు పోతోంది?

మానేరు, గోదావరి ఒడ్డు పొలాల్లో కరెంటు అందని చోట ఆయిల్ ఇంజనే దిక్కు. అది మొరాయిస్తే మడి ఎండుతుంది.

ఇంజను తలలో రెండు వాల్వులుంటాయి. ఒకటి గాలిని లోపలికి తీసుకుంటుంది. ఒకటి పొగను బయటికి పంపుతుంది. రెండూ గట్టిగ మూసుకుంటేనే లోపలి గాలి నలిగి వేడెక్కుతుంది. ఆ వేడికే డీజిల్ మండుతుంది.

ముందు డీజిల్ బంద్ చేయాలి. తలమీది మీట వాల్వును ఎత్తి పట్టకుండా చూసుకోవాలి. హ్యాండిల్ మెల్లగ తిప్పితే ఒకచోట బరువు తగలాలి. తగలకుండ వట్టిగ తిరిగిందా, దమ్ము పోతున్నట్టే. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు వినాలి. పొగగొట్టంలో 'సుయ్' మంటే పొగ వాల్వు లీకు. గాలి డబ్బాలో వినబడితే గాలి వాల్వు. ఇంజనాయిలు పోసే మూతి దగ్గరైతే తప్పు వాల్వుది కాదు, రింగులు అరిగి ఉంటాయి.

ట్యాపెట్ సందు తగ్గినా వాల్వు పూర్తిగ మూసుకోదు. అందుకే మెకానిక్ 'ఇంజను మొత్తం విప్పాలె' అంటే, ముందు ఆ సందు చూడమని అడగాలి.